ఇరవై రెండు రోజుల కిందటి ఊపిరి

తొలకరి పడితే బైలదిల్లా కొండల కింద గాలంతా ఇనుప వాసనే. నిన్న ఆఫీసు కిటికీ తీయగానే తడిసిన ఎర్రదుమ్ము వాసన కొట్టింది, అప్పలనాయుడు గారు గుర్తొచ్చారు. గని ఆసుపత్రి కంప్యూటర్ విభాగంలో ఆయన నా మొదటి అధికారి. విజయనగరం వైపు మనిషి. ఆయన నోట పొగడ్త విన్న పాపాన పోలేదు.

చేరిన కొత్తలో స్టోరేజీకి స్నాప్‌షాట్ల ప్రణాళిక వేయమన్నారు. ఒక క్షణాన రికార్డులు ఎలా ఉన్నాయో అలాగే పట్టి ఉంచేది స్నాప్‌షాట్. తర్వాత ఏది చెడినా ఆ క్షణానికి వెనక్కి వెళ్ళొచ్చు. ఆరు గంటలకొకటి తీయాలి, మూడు రోజులు దాచాలి అని కుర్చీలోంచి లేవకుండానే రాసిచ్చాను.

"మూడు రోజులని ఎవరు సెప్పారమ్మా?"

"నేనే అనుకున్నాను సర్."

"కొండ మీంచి షిఫ్టు బస్సు ఎన్నింటికి దిగుతాది?"

తెలియదు. తల కొట్టేసినట్టయింది.

కార్మికులకు ఊపిరి పరీక్ష చేసే గదికి తీసుకెళ్ళారు. అక్కడి నర్సు కన్నమ్మ సొంతూరు ఎర్రబోరు. కొలతలు ఎప్పుడు ఎక్కిస్తారన్న నా ప్రశ్నకు నవ్వింది. "బస్సు దిగినంకనే గదా మేడమ్ మేం కొలతలు ఎక్కించేది! తప్పు ఎక్కితే నెలకొకసారి డాక్టర్ సాబ్ చూసినప్పుడే తెలుస్తది."

బయటికొచ్చాక ఆయన అన్నారు: "ఇన్నావు కదా. తప్పు దొరికే దాకా పాతది బతికుండాల. నలభై రోజులుంచు. ఒక కాపీ పక్క టౌన్‌షిప్ మిషన్లో పెట్టు. ఈ పెట్టే కాలిపోతే ఏటి సేస్తావు?" చాదస్తం అనుకుంటూనే మార్చాను.

ఆ ఏడాదే కొత్త ఫారం ఎక్కిస్తూ నేనే పొరపాటు చేశాను. ఒకరి కొలతలు ఇంకొకరి పేరు కింద చేరాయి. ఎవరికీ తెలియలేదు. నేను ఆ గదిలో ఉండగా నెలవారీ పరీక్షకు కిష్టారం ఊరి కార్మికుడు హుంగా వచ్చాడు. రాయి పిండి చేసే మిషన్ దగ్గర పని, ఆగని దగ్గు. దుమ్ము లేని పనికి మార్చమని అర్జీ పెట్టుకున్నాడు. తెరమీద మాత్రం ఊపిరి భేషుగ్గా ఉంది.

"ఏంది మేడమ్, నేను బాగనే ఉన్ననా? మళ్ళ దుమ్ములకే పంపుతరా?"

ఆ దగ్గుకూ ఆ అంకెలకూ పొంతన లేదు. నేను ఫారం ఎక్కించకముందుది, ఇరవై రెండు రోజుల కిందటి స్నాప్‌షాట్ తెరిచాం. అతని అసలు కొలతలు, ఏడాదేడాదికీ తగ్గుతూ, అలాగే ఉన్నాయి. అప్పలనాయుడు గారు తిట్టలేదు. "టీ తాగుదాం, పద" అన్నారంతే. ఆ టీ తాగుతూ ఏడ్చాను.

ఆయన రిటైరై వెళ్ళిపోయారు. హుంగా ఇప్పుడు మా గేటు దగ్గర కాపలా పనిలో కూర్చుంటాడు; దగ్గు పూర్తిగా పోలేదు. నిన్న ఆ కిటికీ దగ్గరే కొత్త అధికారి నా ప్రణాళిక తిరగేశారు. చోటు దండగ, నలభైని ఏడు రోజులు చేసేయమన్నారు.

"తప్పు ఏడు రోజుల్లో దొరుకుతుందని ఎవరు చెప్పారు సర్?" అన్నాను. "రండి, ముందు కన్నమ్మ గదికి వెళ్దాం."