నీలం పోస్తే ఎరుపొచ్చిన రోజు

అద్దకం షెడ్డులో అందరికీ ఆమె పిన్నే. ఆఖరికి ఆమెకంటే పదేళ్లు పెద్దదైన యజమాని తల్లికి కూడా. ఇరవై ఏడేళ్లుగా తొట్ల దగ్గర నిలబడి రంగు వేసిన నూలు కడుగుతోంది. మోచేతుల కింద ఆమె అసలు రంగేమిటో కట్టుకున్నవాడికే గుర్తులేదని తోటివాళ్లు వేళాకోళమాడేవారు.

కడిగిన నీళ్లు వెనక కాలువలోకి పోయేవి. కాలువ పక్కనే పిన్ని ఇల్లు. పొద్దున్నే కిటికీ తీస్తే నిన్న షెడ్డులో ఏ రంగు వేశారో తెలిసిపోయేది. అదేమంత పట్టించుకోవాల్సిన సంగతిగా ఆమెకెప్పుడూ తోచలేదు. రంగు నీళ్లు వదిలితే షెడ్డుకు తాళం వేస్తామని అధికారులు చెప్పి వెళ్లాకే గుండెల్లో రాయి పడింది.

పిన్ని మేడగదిలో అద్దెకుంటున్న సైన్సు టీచరమ్మ ఒక దారి చూపింది. నూనె మిల్లు పారబోసే పల్లీ తొక్కలు తెప్పించి, యాసిడ్‌లో నానబెట్టి, గాలి చొరని ఇనప డబ్బాలో కాల్చి, బాగా కడిగించింది. ఆ నల్లటి పలుకులు డ్రమ్ములో నింపి పైనుంచి ఎర్రనీళ్లు పోయించింది. అడుగు కుళాయి కింద పట్టిన గ్లాసులో తేట నీళ్లు చూసి పిన్ని నోరెళ్లబెట్టింది.

"ఇవి ఆ నీళ్లేనా టీచరమ్మా?"

"మీ చేత్తోనే పోశారుగా పిన్నిగారూ! ఈ బొగ్గు నిండా కంటికి కనబడని కంతలే. రంగంతా వాటికి అంటుకుపోయింది. అలాగని తాగేరు సుమా, ఉప్పూ అదీ ఇంకా అందులోనే ఉంటాయి."

యజమాని పెద్ద డ్రమ్ము పెట్టించి, దాన్ని చూసుకునే పని పిన్నికే అప్పగించాడు. పది రోజులపాటు కాలువలోకి తేట నీళ్లు పోయాయి. కిటికీ తీసినప్పుడల్లా ఇది మన కాలువేనా అని ఆమె కళ్లు నులుముకునేది.

పదకొండో రోజు షెడ్డులో నీలం వేశారు. మధ్యాహ్నం కుళాయి వైపు చూసిన పిన్ని కొయ్యబారిపోయింది. వస్తున్నవి ఎర్రనీళ్లు! నీలం కూడా కాదు, ఎరుపు. ఎర్రరంగు తొట్టిని కడిగి బోర్లించి అప్పటికి నాలుగు రోజులు. చప్పున కుళాయి కట్టేసి, నిచ్చెన ఎక్కి డ్రమ్ములోకి తొంగిచూసింది. పైన నీలమే. కుళాయి మళ్లీ కాస్త తిప్పింది. ఎరుపే.

యజమాని పరుగున వచ్చాడు. "ఎర్రరంగు ఎవరు కలిపారు పిన్నీ?"

"షెడ్డులో చిటికెడు ఎరుపు కూడా లేదయ్యా."

"మరి ఆకాశం నుంచి ఊడిపడిందా?"

ఇన్నేళ్లలో రంగు విషయంలో పిన్ని తన కళ్లను తాను నమ్మలేకపోవడం అదే మొదటిసారి.

కబురందుకున్న టీచరమ్మ బడి నుంచి తిన్నగా వచ్చింది. "బొగ్గు మార్చి ఎన్నాళ్లయింది?"

"మార్చాలా?"

టీచరమ్మ తల పట్టుకుంది. "అయ్యో, అసలు సంగతి చెప్పడం మరిచాను. తప్పు నాదే. బొగ్గు నిండిపోయింది పిన్నిగారూ. ఈ నీలం దాన్ని ఎరుపుకంటే గట్టిగా పట్టుకునే రకం. ఎరుపుని తోసేసి ఆ చోట్లో కూర్చుంది."

"అంటే, పోయిందనుకున్న రంగు ఇన్నాళ్లూ ఇందులోనే ఉందా?"

"ఎక్కడికి పోతుంది?"

పిన్ని అక్కడే మెట్టు మీద చతికిలబడింది. పది రోజుల రంగే ఎక్కడికీ పోకపోతే, ఇరవై ఏడేళ్లుగా తన చేతుల మీదుగా కాలువలో కలిసిందంతా ఎక్కడున్నట్టు? ఏ మట్టిలో, ఏ బావిలో?

మర్నాడు మొదటిదాన్ని దాటొచ్చిన రంగుని రెండోది పట్టేసేలా, ఒకదాని వెనక ఒకటిగా రెండు డ్రమ్ములు పెట్టారు. గంటకోసారి పిన్ని మొదటి డ్రమ్ము నీళ్లు గ్లాసులో పట్టి, తెల్లకాగితం ముందుంచి చూసేది. రవ్వంత రంగు కనబడితే చాలు, బొగ్గు మార్పించేది. అధికారులు మళ్లీ వచ్చి నీళ్లు పరీక్షకు పట్టుకెళ్లారు. తాళం తప్పింది.

తీసేసిన బొగ్గు మూటల్ని గోడవతల పడేయమన్నాడు యజమాని. పిన్ని దారికడ్డంగా నిలబడింది.

"అక్కడ వద్దయ్యా. వానొస్తే రంగు మళ్లీ బయటికొస్తుంది. టీచరమ్మ చెప్పినట్టు, రంగు పూర్తిగా కాలిపోయేలా పెద్ద కొలిమిలో కాల్పించాల్సిందే."

ఇన్నేళ్లలో ఆమె నోట 'వద్దు' అనే మాట వినని యజమాని తెల్లబోయి చూశాడు. తర్వాత మూటల్ని బండికెక్కించమన్నాడు.