కథ ముందే చెప్పే ఎదురింటి అక్క

మా ఎదురింటి అక్క పోయింది. కర్నూలు ఆసుపత్రి నుంచి వాళ్ల కోడలు ఫోన్ చేసేసరికి నేను రిమోటు చేతిలో పట్టుకుని, టీవీ పెట్టాలా వద్దా అని ఆలోచిస్తూ నిలబడి ఉన్నాను. ఆ పాప విషయం చెప్పింది. నా నోట మొదట వచ్చిన మాట, "అట్లెట్ల పోతాది పాపా, నిన్న సాయంత్రం బాగుండానని నాతోనే చెప్పింది గదా" అని. అవతల ఆ పాప ఏమీ అనలేదు. ఎందుకు ఏమీ అనలేదో నాకు తర్వాత గాని తెలియలేదు.

నేను ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. ఉత్తరాలు తప్ప ఇంకేమీ రాసి ఎరగను. అయినా ఆమె గురించి ఎవరో ఒకరు రాయాలి గదా, ఎవరూ రాయకపోతే ఎట్లా అన్న దిగులు పట్టుకుని, అది వదలక, కూర్చున్నాను. తప్పులుంటే సర్దుకుని చదవండి.

మాది కడపలో ఒక ఇరుకు సందు. ఆమె ఇంట్లో టీవీ పెడితే మా వంటింట్లోకి వినిపిస్తుంది. ఆమె పుట్టిన ఊరు కర్నూలు జిల్లా కోసిగి దగ్గర పల్లె. పెనిమిటి బండల పాలిష్ పనికి కడపకు వస్తే వెంట వచ్చింది. ఆ పెనిమిటి పోయి చాలా ఏళ్లయింది. నేను కోడలిగా ఈ సందులోకి వచ్చినప్పుడు నన్ను మొదట పలకరించింది ఆమే. ఏ ఊరు, ఎవరి బిడ్డవు అని అడగలేదు. ఈ మధ్య ఏం సినిమా చూసినావు అని అడిగింది.

నాకు సినిమాలంటే ఇష్టమే. భయం అంతకంటే ఎక్కువ. తెర మీద ఎవరైనా బండి తీస్తే, నెత్తిన హెల్మెట్ లేదే అని నా గుండె కొట్టుకుంటుంది. పసిపిల్ల మెట్ల దగ్గర ఆడుకుంటుంటే పడుతుందేమోనని కాళ్లు ముడుచుకుంటాను. కథ ఎటు పోతుందో తెలియకపోతే కుర్చీలో కుదురుగా ఉండలేను. అందుకని మా ఇద్దరి మధ్య ఒక పద్ధతి పడింది. ఏ సినిమా అయినా ముందు ఆమె చూసి వస్తుంది. మా గడప ముందు నాపబండ మీద కూర్చుని కథంతా చెబుతుంది, చివరతో సహా. ఎవరు పోతారు, ఎవరు మిగులుతారు, బిడ్డకేమైనా అవుతుందా, అంతా. అన్నీ విన్నాక నేను అడుగుతాను, "సూడొచ్చా అక్కా?" అని. సూడొచ్చు అంటే చూస్తాను. "నీకొద్దులేమ్మే" అంటే ఆ సినిమా పోస్టరు అంటించిన దారిలో కూడా నడవను.

లోకంలో అందరూ చివర చెప్పొద్దని చెవులు మూసుకుంటారు. మా సందులో మేమిద్దరం చివర తెలిసినాకే టికెట్టు కొనేవాళ్లం. ఆమె నాకోసం అదే సినిమాకు రెండోసారి వచ్చేది. విసుగు అని ఒక్కనాడూ అనలేదు. మొదటిసారి కథ చూస్తానని, రెండోసారి కథలో తప్పులు చూస్తానని చెప్పేది.

తప్పులు చూడటంలో ఆమె కళ్లు మామూలువి కావు. సీరియల్లో కోడలు నగలన్నీ పెట్టుకుని నిద్రపోతే, మెడకు గుచ్చుకోదా అని టీవీని అడిగేది. బంగళాలో అంతమంది భోంచేస్తారు, గిన్నెలు తోమేది ఎవరో చూపించరు. "ఆ గిన్నెలు కడిగేటోళ్లను ఒక్కసారి సూపించమను, అప్పుడు ఆ కథంతా నమ్ముతా" అనేది. ఇప్పటికీ ఏ సీరియల్ చూసినా నా చూపు ముందు వంటింటి తొట్టి మీదికే పోతుంది. పాటల పోటీల్లో పాడినవాళ్లు ఏడవకపోయినా న్యాయం చెప్పేవాళ్లు ఏడుస్తారు గదా, అది ఆమెకు ఎంతకూ నచ్చేది కాదు. ఒకసారి వంటల కార్యక్రమంలో ఒకామె ఉగ్గాని చేస్తూ బొరుగులు నీళ్లలో వేసి కబుర్లు చెబుతూ ఉండిపోయింది. అక్క లేచి టీవీ దగ్గరికి పోయి, పిండమ్మే, పిండు, ముద్దయిపోతాండాది అని బతిమాలింది. ఆమె పిండలేదు. ఆ రోజంతా అక్క నాతో సరిగ్గా మాట్లాడలేదు.

మన సీమ మీద తీసిన సినిమా వస్తే మాత్రం ఆమెకు కోపం ముక్కు మీదే ఉండేది. ఎప్పుడు చూసినా జీపులు, కత్తులు, తొడలు కొట్టుకోవడాలు. "మనోళ్లకు యాపారాలు ల్యావా, బిడ్డల సదువులు ల్యావా? నీళ్ల ట్యాంకరు కాడ బిందె పట్టుకోని నిలబడిన హీరోని ఒక్కణ్ని సూపించు" అనేది. నేను, అక్కా, ట్యాంకరు కాడ నిలబడితే ఇంగ వాడు పాటలు యాడ పాడతాడు అంటే, ట్యాంకరు వచ్చేలోపల పది పాటలు పాడొచ్చులే అని నవ్వేది. హీరో మధ్యలో ఒకసారి 'ఉండాది' అని మిగతాదంతా వేరే ఊరి మాట మాట్లాడితే, మనల్ని పప్పులో తాలింపు లాగా వేసుకుంటున్నారని అనేది.

ఇది రాస్తూ లేచి పోయి గ్యాసు కట్టేసినానా లేదా అని చూసి వచ్చాను. కట్టేసే ఉంది.

అయితే సినిమాహాల్లో ఆమెకు ఒక అలవాటు ఉండేది. సినిమా ఇంకాసేపట్లో అయిపోతుందనగా నా మోచెయ్యి పట్టుకుని లేపేది. జనం బయటపడితే ఆటోలు దొరకవు, పా పా అని తొందరపెట్టేది. ఆటో దొరకదన్న భయం నాకు ఇంట్లో బయలుదేరినప్పటి నుంచీ ఉంటుంది. చివర ఎట్లాగూ ఆమె చెప్పేసింది గదా అని లేచి వచ్చేసేదాన్ని. టీవీలో సినిమాలు చూడటం మొదలుపెట్టినాక ఆటో భయం లేకపోయింది. అప్పుడు, ఇంక అయిపోవచ్చింది అనుకునే చోట, టీ పెట్టుకుని రాపో అనేది. నేను టీ గ్లాసులతో వచ్చేసరికి వేరే ఛానల్ నడుస్తూ ఉండేది. "అయిపాయ. అందరూ బాగుండారు" అనేది. నేను ఊపిరి పీల్చుకుని టీ తాగేదాన్ని.

ఈ మధ్య ఆమెకు తిండి సయించడం మానేసింది. మనిషి ఆరిపోతూ వచ్చింది. నేను అడిగినప్పుడల్లా కడుపులో పుండు, మందులు ఇస్తే మానుతుంది అనేది. కర్నూలులో ఆమె తమ్ముడు ఉన్నాడు, అక్కడైతే చూసుకునేవాళ్లు ఉంటారని కొడుకూ కోడలూ అక్కడికే తీసుకుపోయినారు. అప్పుడు మేమిద్దరం చూస్తున్న సీరియల్లో చిన్నకోడలికి యాక్సిడెంటయి, కళ్లు తెరవకుండా పడి ఉంది. నాకు అన్నం సహించడం లేదు. అక్క కారెక్కుతూ నాతో చెప్పి పోయింది. "నేను వచ్చేదాంక ఆ సీరియల్ పెట్టొద్దు. ఆస్పత్రిలో నేను ఫోన్లో సూసి నీకు సెప్తా. నువ్వు మట్టుకు దిగులుపడి సావొద్దు."

చెప్పినట్టే సాయంత్రం సాయంత్రం ఫోన్ చేసేది. చిన్నకోడలు వేలు కదిలించింది అని ఒక రోజు. నీళ్లు తాగింది అని ఇంకో రోజు. నువ్వెట్లుండావక్కా అని అడిగితే, నాదేముందిలే, నేనూ నీళ్లు తాగుతాండా అనేది. గొంతు సన్నగా వినిపించేది. ఫోన్‌లో సిగ్నల్ సరిగా లేదేమో అనుకునేదాన్ని. నేను వచ్చి చూసి పోతాను అక్కా అని ఒకసారి అన్నాను. ఈ ఎండలో బస్సులో నువ్వొస్తే నీకోసం ఇంకో మంచం కావాల అన్నది. ఇద్దరం నవ్వుకున్నాం. చివరిగా ఆమె నాతో చెప్పింది చిన్నకోడలు లేచి కూర్చుందని, ఇంక భయం లేదని, తనకూ బాగుందని.

దినాలు అయిపోయి చుట్టాలంతా వెళ్లిపోయాక ఆమె కోడలు మా ఇంటికి వచ్చి కూర్చుంది. ఆ పాప టీవీ చూడదు, సినిమాలన్నీ ఫోన్‌లోనే చూసుకుంటుంది. అత్తతో పాటు ఆసుపత్రిలో ఉండి ఆ సీరియల్ మాత్రం చూసిందట. ఏం మాట్లాడాలో తెలియక నేనే అన్నాను, పోనీలే పాపా, ఆ చిన్నకోడలు లేచి కూర్చుందన్న సంతోషం మీ అత్త చూసి పోయింది అని. ఆ పాప నా మొహం చూసింది.

"ల్యా అత్తా. ఆయమ్మిని సంపేసినారు. ఫోటోకు దండ గూడా ఏసినారు."

నేను ఒక్కో సినిమా పేరు చెప్పి అడగడం మొదలుపెట్టాను. తిరునాళ్లలో తప్పిపోయిన ముసలాయన సంగతేమి, టీ అంగడి దగ్గర కొడుక్కి కనిపించినాడు గదా? కనిపించడు అత్తా. గుండె జబ్బు పిల్లకు ఆపరేషన్ అయింది గదా? అయింది గానీ, అని ఆగిపోయింది. ఇంక అడగలేదు. ఇన్నేళ్లుగా నేను చూసిన సినిమాల చివరలు సగం ఆమె కుట్టిపెట్టినవే. ఆటోలు, టీలు ఎందుకో అప్పుడు అర్థమయింది.

అప్పుడు అడగవలసిన మాట నా గొంతులోకి వచ్చింది. అడగడానికి భయపడుతూనే అడిగాను. తను పోతానని ఆమెకు తెలుసా అని.

"మొదుటి రోజు నుంచీ తెలుసత్తా. డాక్టరుతో ఆమే అడిగి సెప్పించుకునింది. మాతో ఒట్టు పెట్టించుకునింది, ఎదురింటి దానికి సెప్పొద్దండి, అది నిద్రపోదు అని."

ఆ రాత్రి నాకు నిద్ర రాలేదు. కోపం వచ్చింది. ఇప్పుడు రాస్తున్నా వస్తున్నది. నిజం చెప్పి ఉంటే పోయి ఉండేదాన్ని. ఎండ అయితేనేమి, బస్సులో వాంతి అయితేనేమి, పోయి ఆమె పక్కన కూర్చుని చెయ్యి పట్టుకునేదాన్ని. చివరికి ఇంటి ముందు పడుకోబెట్టినాక చూశాను, మాట్లాడే అక్కను చూడలేదు. ఈ బాధ ఆమె నాకు పెట్టి పోయింది. నా నిద్ర ఆమెకెందుకు? నేను ఎప్పుడు నిద్రపోయాను గనక?

మళ్లీ ఇంకో ఆలోచన వస్తుంది. పోయి ఉంటే నేనేం చేసేదాన్ని? మంచం పక్కన కూర్చుని ఏడ్చి, నన్ను ఓదార్చే పని కూడా ఆమె మీదే పెట్టేదాన్నేమో. ఆ ఓపిక తనకు లేదనుకుందేమో. అడుగుదామంటే మనిషి లేదు.

ఆమె చిన్నప్పటి సంగతి ఒకటి నాకు చెప్పింది. వానలు లేని ఏడు వాళ్ల అమ్మా నాయన సుగ్గికి, అదే దూరపు ఊళ్లకు కూలికి, పోయేవాళ్లట. ఈమెను అవ్వ దగ్గర వదిలేసి పోయేవాళ్లు. అవ్వ పడుకునేటప్పుడల్లా రేపు వస్తారని చెప్పేదట. వాళ్లు వచ్చేది కోతలన్నీ అయిపోయినాకే. "అవ్వ సెప్పేది అబద్ధమని నాకు తెలుసమ్మే. అయినా నిద్ర పట్టేది" అన్నది. అప్పుడు నేను ఆ పసిబిడ్డ గురించి బాధపడ్డాను గాని, ఆ మాటలో నాకోసం ఏమీ ఉందనుకోలేదు. ఇప్పుడు దాన్నే తిప్పి తిప్పి చూసుకుంటున్నాను. ఆమె చెప్పిన చివరలతో నేను ఎన్నో రాత్రులు నిద్రపోయాను. అది కాదనలేను. కోపమూ పోలేదు. రెండూ ఒకే గుండెలో ఎట్లా పడతాయో తెలియడం లేదు, పడుతున్నాయి.

టీవీ పెట్టడం మానేశాను. సందు నిశ్శబ్దంగా ఉంటే అదొక భయం. మొన్న ఆదివారం మధ్యాహ్నం కోడలు పాప వచ్చి, ఏదో కొత్త సినిమా వస్తున్నదట, పెడతావా అత్తా, మా ఇంట్లో ఒక్కదాన్నే కూర్చోలేకపోతున్నా అన్నది. ఎవరైనా పోతారా అందులో అని అడిగాను.

"నేనూ సూడలే అత్తా. నాకూ తెల్దు."

వద్దందామనుకున్నాను. ఆ పాప మొహం చూసి పెట్టాను. భర్తను వెతుక్కుంటూ లారీల్లో ఊరూరూ తిరిగే ఒక ఆడమనిషి కథ. మొదట్లోనే ఆమె ఒక హోటల్లో పళ్లేలు కడుగుతుంది. అది చూసి మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. అక్క ఉంటే ఈ ఒక్కదానికే మెచ్చుకునేది. లారీ డ్రైవరు మంచివాడో కాదో తెలియక నా చీర కొంగు అంతా చేతికి చుట్టుకుపోయింది. ఒక చోట ఆమె ఘాట్ రోడ్డులో దిగి, చీకటి పడుతుండగా ఒక ఇంటి తలుపు కొట్టింది. నా కాళ్లు వాటంతట అవే లేచాయి. టీ పెట్టుకొస్తా పాపా అన్నాను. ఆ పాప నన్ను ఆపలేదు, టీవీ వైపే చూస్తూ నా కొంగు కొస పట్టుకుని ఉంది. ఆ పాప కూడా భయపడుతున్నది. ఆ సంగతి నాకు అప్పటిదాకా తట్టనే లేదు. కూర్చున్నాను.

తలుపు తీసినాక ఏమయిందో మీకు చెప్పను. సినిమా బాగుంది, మధ్యలో ఒక పాట అక్కరలేదు, చూడవచ్చు. పక్కన ఎవరినైనా కూర్చోబెట్టుకోండి.

చివర అయిపోయినాక కూడా నేను లేవలేదు. నల్లటి తెర మీద తెల్లటి పేర్లు కింది నుంచి పైకి పోవడం మొదలయింది. ఇన్నేళ్లలో నేను వాటిని ఎప్పుడూ చూడలేదు. ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదవబోయాను. దీపాలు పట్టినవాళ్లు, బట్టలు కుట్టినవాళ్లు, వంట చేసి పెట్టినవాళ్లు. నేను ఒక పేరు సగం చదివేలోపల అది పైకి వెళ్లిపోతున్నది, కింది నుంచి ఇంకొకటి వస్తున్నది. కోడలు పాప కూడా నాతో పాటు చూస్తూ కూర్చుంది.