మూడు పరీక్షల గుడ్డు

రామబ్రహ్మంగారు ఈ లోకంలో ఎవర్నైనా నమ్మేస్తారు, ఒక్క కోడిగుడ్డును తప్ప. బస్సులో పక్కసీటువాడు గొడుగు అడిగితే ఇచ్చేస్తారు. "రేపు తెచ్చిస్తానండీ" అన్నవాణ్ణి వాడి ఊరేమిటని కూడా అడగరు. అలా వెళ్ళిపోయిన గొడుగులు ఏడు. గుడ్డు సంగతి మాత్రం వేరు. మూడు పరీక్షలు పెట్టనిదే ఆయన ఏ గుడ్డుకూ మంచి మాట చెప్పేవారు కాదు. "పెళ్ళిచూపుల్లో నన్ను ఒక్క నిమిషం చూశారు. గుడ్డుకున్న భాగ్యం నాకు లేదు" అనేది ఆయన భార్య పుణ్యవతి.

ఇది డెబ్బై నాలుగు నాటి ముచ్చట. మూసాపేటలో తొమ్మిది వాటాల పెంకుటిళ్ళ వరస ఒకటి ఉండేది. కిరాయికి ఉన్నవాళ్ళంతా కోస్తా నుంచి ఉద్యోగాలకు వచ్చినవాళ్ళే. చివరి వాటా రామబ్రహ్మంగారిది. సొంతూరు తెనాలి దగ్గర. సనత్‌నగర్‌లో ఒక ఫ్యాక్టరీలో బోల్టులు తనిఖీ చేసే ఉద్యోగం. వారంలో ఆరు రోజులు బోల్టు చేత్తో పట్టుకుని "పాస్" అనో "రిజెక్ట్" అనో అంటారు. ఏడో రోజు ఆ రెండు మాటలూ అనకుండా ఉండాలంటే ఆయనకు నాలుక పీకేది. దేవుడు కరుణించి ఆదివారం ఆదివారం రుక్కమ్మను పంపించేవాడు.

రుక్కమ్మది నల్లగండ్ల. ఊళ్ళో ఇంటింటికీ తిరిగి నాటుకోడి గుడ్లు పోగుచేసి, బుట్టలో ఊక పోసి అందులో సర్దుకుని, లింగంపల్లిలో రైలెక్కి సనత్‌నగర్‌లో దిగి నడిచి వచ్చేది. వచ్చి, వరసలో ఎనిమిది వాటాలు దాటుకుని నేరుగా చివరి వాటా అరుగు మీద బుట్ట దింపేది. రామబ్రహ్మంగారు అప్పటికే చుట్టచుట్టిన దినపత్రిక, చెంబుడు నీళ్ళు, గాజుగ్లాసు, నీలం పెన్సిలు ముందు పెట్టుకుని కూర్చునేవారు.

"రుక్కమ్మా, ఈ గుడ్డు ఎప్పటిది?"

"నిన్నటిదే సారూ."

"నిన్న ఎన్ని గంటలకి?"

"నేను కోడినా సారూ, టైం చెప్పనీకి?"

అక్కడితో విచారణ ముగిసి పరీక్షలు మొదలయ్యేవి. మొదటిది కంటి పరీక్ష. పెంకు సున్నం గోడలా గరుగ్గా ఉంటే మంచిదే, నున్నగా మెరిసిందా, అనుమానించాల్సిందే. తర్వాత కాగితం గొట్టానికి ఒక చివర గుడ్డు ఆనించి, రెండో చివర కన్నుపెట్టి ఎండలోకి చూసేవారు. లోపల గాలి గది పావలా అంత ఉంటే కొత్తది, అర్ధరూపాయంత ఉంటే పాతది, నల్లమబ్బు కనిపిస్తే లోపలెవరో ఉన్నారని అర్థం. రెండోది చెవి పరీక్ష. చెవి దగ్గర మెల్లగా ఊపితే నిశ్శబ్దంగా ఉండాలి. గుడ్డు మాట్లాడకూడదు. మూడోది నీళ్ళ పరీక్ష. "పడుకుంటే పసిది, నిలబడితే ముసలిది, తేలితే స్వర్గస్థురాలు" అని ఆయన సూత్రం. మూడూ నెగ్గిన గుడ్డుకు నీలం పెన్సిలుతో టిక్కు పెట్టి "పాస్!" అని వీధి చివరికి వినబడేలా అరిచేవారు. ఆ టిక్కు గుడ్లు పట్టుకుని రుక్కమ్మ మిగతా వాటాలకు అమ్మకానికి వెళ్ళేది.

ఈ జబ్బు ఇంటికే పరిమితమైతే పుణ్యవతి ఓర్చుకునేది. ఒకసారి ఆవిడను తీసుకెళ్ళి సికిందరాబాదులో ఇరానీ హోటల్లో ఆమ్లెట్ చెప్పి, "కొట్టేముందు ఆ గుడ్డు నాకొకసారి చూపించు" అన్నారు. సర్వరు గుడ్డు తెచ్చాడు. రిజెక్ట్. ఇంకోటి తెచ్చాడు. రిజెక్ట్. చిరాకేసి మొత్తం గుడ్ల గంపే తెచ్చి బల్ల మీద పెట్టాడు. గంటన్నరలో నూటపది గుడ్లు తనిఖీ అయ్యాయి. చుట్టూ జనం. గల్లా దగ్గరి సేఠ్ లేచొచ్చి, ఆయన చెయ్యి పట్టుకుని, "సాబ్, మీరు రోజూ రండి. చాయ్ నా తరఫు" అన్నాడు. ఆ సందట్లో ఆమ్లెట్ తినడం మరిచిపోయి ఇంటికొచ్చేశారు. పుణ్యవతి దారంతా ఆకలితో మండిపోయింది.

అయితే పుణ్యవతిని నిజంగా తినేస్తున్న సంగతి వేరే ఉంది. అంతటి నిపుణుడి ఇంట్లోకి వచ్చే గుడ్లలో సగం కుళ్ళినవి!

"ఏవండీ, వరసలో అందరికీ టిక్కు పెట్టినవి. మనకేమో టిక్కు లేనివి. ఇదెక్కడి న్యాయం?"

"అవి రీఇన్‌స్పెక్షన్‌కి తెచ్చాను పుణ్యం. మొదటిసారి తప్పినవాటికి ఇంకో అవకాశం ఇవ్వాలి."

"ఇచ్చారుగా! ఏమన్నాయి?"

"మళ్ళీ తప్పాయి" అని నిట్టూర్చి, వాటిని పెరట్లోకి తీసుకెళ్ళి గులాబి మొక్క మొదట్లో గొయ్యి తీసి పూడ్చేవారు. ఇలా రెండేళ్ళుగా ఎరువు పడడంతో ఆ మొక్క మనిషెత్తు పెరిగి, క్యాబేజీలంత పూలు పూసేది. పక్కవాటా రత్నమాల రోజూ ఒక పువ్వు కోసుకుని తల్లో పెట్టుకుంటూ, "అన్నయ్యగారు మంచి గుడ్లన్నీ ముందే ఏరేసుకుంటారు కదా వదినా! మాకు మిగిలినవే గతి" అని ఒక చురక వేసి వెళ్ళేది. మా ఇంటికొచ్చేవి తప్పినవేనమ్మా అని చెప్పాలని పుణ్యవతికి నోటిదాకా వచ్చేది. చెబితే మొగుడి పరువు పోతుంది. చెప్పకపోతే కడుపుబ్బరం. ఆవిడ కడుపుబ్బరానికే సిద్ధపడింది.

ఆ ఏడు వేసవిలో రెండు వారాలు తెనాలి వెళ్ళి, ఒక శనివారం సాయంత్రం దంపతులిద్దరూ తిరిగొచ్చారు. తాళం తీయకముందే రత్నమాల ఎదురొచ్చింది.

"అన్నయ్యగారూ, ఘోరం జరిగిపోయింది! పోయిన ఆదివారం రుక్కమ్మ గుడ్డు పెనం మీద కొడితే అందులోంచి కోడిపిల్ల ముక్కు! నేను పెట్టిన కేకకి ఆరో వాటా వాళ్ళ పాలు పొంగిపోయాయి. ఇంకో రెండిళ్ళల్లో కుళ్ళినవి వచ్చాయి. ఆవిడ మోసం చేస్తోందండీ. రేపటి నుంచి వరసలో అడుగు పెట్టనివ్వకూడదని అందరం అనుకున్నాం. మా వారి స్నేహితుడు వెంకటనారాయణగారు ఫారం గుడ్లు స్కూటరు మీద తెచ్చిస్తారట."

రామబ్రహ్మంగారి ముఖం పాలిపోయింది. మూసాపేట ఊళ్ళోవాళ్ళకి సొంత కోళ్ళున్నాయి. ఈ తొమ్మిది వాటాలు వద్దంటే రుక్కమ్మకు ఇంకెక్కడా బేరం లేదు.

"అమ్మా రత్నమాలా, రిజెక్ట్ చేసేముందు పరీక్ష పెట్టాలి" అన్నారాయన బతిమాలుతూ.

"అలాగే పెడదాం! గంగాళం నిండా నీళ్ళు పోస్తాను. ఆవిడ బుట్ట మొత్తం, ఫారం గుడ్ల అట్ట మొత్తం అందులో వేద్దాం. ఆవిడది ఒక్కటి తేలినా ఇంక రావడానికి వీల్లేదు."

తెల్లారేసరికి వార్త మూసాపేటంతా పాకింది. చివరి వాటా ముందు తిరునాళ్ళే! పిల్లలు గోడలెక్కారు. రత్నమాల మొగుడు సోమేశ్వరరావు ఇంట్లోంచి కుర్చీలు మోసుకొచ్చాడు. వెంకటనారాయణ స్కూటరు దిగి ముప్పై గుడ్ల అట్ట విప్పగానే జనం "అబ్బ!" అన్నారు. అన్నీ తెల్లగా, ఒకే సైజులో, యూనిఫారం వేసుకున్న బడిపిల్లల్లా ఉన్నాయి. "వీటిల్లో పిల్ల ఉండదండీ. శాకాహారులు కూడా తినొచ్చు" అన్నాడతను. ఏడో వాటా శాకాహారి ఒకాయన ఆశగా ముందుకు జరిగాడు.

అప్పుడే రుక్కమ్మ వచ్చింది. దండెం మీద రామబ్రహ్మంగారి లాల్చీ ఆరేసి ఉంది. ఆవిడ దాని ముందు ఆగి, "దండం సారూ, ఎప్పుడొచ్చిన్రు ఊరికెళ్ళి?" అంది.

అందరూ సందడిలో ఉన్నారు కనక ఎవరూ పట్టించుకోలేదు. పుణ్యవతి చూసింది. చూసి మొగుడి వైపు తిరిగింది. ఆయన గబగబా లాల్చీ వెనక్కి వెళ్ళి, "నిన్ననే రుక్కమ్మా" అన్నారు.

పోటీ సంగతి చెబితే రుక్కమ్మ, "పెట్టుండ్రి. నాకేం ఫికర్?" అంది. బుట్ట మాత్రం గబుక్కున దగ్గరికి లాక్కుంది.

"నీళ్ళలో వేసేముందు పగుళ్ళు చూడాలి. పగిలిన గుడ్డు నీళ్ళు తాగి తప్పుడు ఫలితమిస్తుంది" అని రామబ్రహ్మంగారు గొట్టం తీశారు. ఒక్కో గుడ్డూ ఎండకు పెట్టి, చెవి దగ్గర ఊపి, పక్కనున్న గంపలో వేస్తున్నారు. తొమ్మిదో గుడ్డు గంపలోకి పోలేదు. పుణ్యవతి కళ్ళు నులుముకుంది. పద్నాలుగోది కూడా పోలేదు. ఆ రెండూ పైజమా జేబులోకి పోయాయి!

రెండేళ్ళుగా ఇంటికొచ్చిన కుళ్ళిన గుడ్లన్నీ ఒక్కసారిగా పుణ్యవతి కళ్ళ ముందు తిరిగాయి. ఈయన పిచ్చి ఏమిటో, ఎవరి కోసమో అప్పటికి అర్థమైంది. మరుక్షణం ఆవిడ లేచి, కొంగు విదిలించి భుజం నిండా కప్పుకుని, మొగుడికీ రత్నమాలకీ మధ్య గోడలా నిలబడింది.

"ఏంటొదినా అడ్డం?"

"ఎండమ్మా, ఎండ! ఆయనకి పడదు."

ఆ నీడలో ఇంకో రెండు గుడ్లు జేబులోకి దిగాయి.

ముందు ఫారం గుడ్లు వేశారు. ఇరవయ్యేడు పడుకున్నాయి. రెండు నిలబడ్డాయి. ఒకటి హాయిగా తేలింది. "లారీలో వారం రోజులు తిరిగొచ్చాయి కదండీ" అని వెంకటనారాయణ నసిగాడు. తర్వాత రుక్కమ్మవి. ఒకటి పడుకుంది. రెండోది పడుకుంది. పిల్లలు అరిచి అరిచి లెక్కపెడుతున్నారు. ఇరవై... ఇరవయ్యొకటి... చివరిదైన ఇరవయ్యారోది మునిగి, అడుగు తాకి, ఒక కొస పైకి లేపింది. రామబ్రహ్మంగారు కళ్ళు మూసుకున్నారు. గుడ్డు కాసేపు ఆలోచించి, ఒరిగి, పడుకుంది.

"పాస్!" అని వరసంతా ఒక్కగొంతుతో అరిచింది. సోమేశ్వరరావు ఆనందం పట్టలేక పరుగున వచ్చి రామబ్రహ్మంగారిని గట్టిగా వాటేసుకున్నాడు.

టప్. టప్ టప్.

ఆ తర్వాత వచ్చిన వాసన సంగతి రాయడానికి మర్యాద అడ్డొస్తోంది. జనం ముక్కులు మూసుకుని చెదిరిపోయారు. శాకాహారాయన గోడ దూకాడు.

"ఏంటొదినా ఈ కంపు?" అంది రత్నమాల.

"మా వెనక కాలవ పొంగిందమ్మా!" అని పుణ్యవతి మొగుడి చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయింది. తలుపేసి, బిందెడు నీళ్ళు ఆయన మీద కుమ్మరించి, "ఎన్నాళ్ళ నుంచి?" అంది.

"రెండేళ్ళు. ఒకరోజు 'తాజాది సారూ' అని నా చేతిలో ఉల్లిపాయ పెట్టింది. అప్పుడు తెలిసింది, ఆవిడకి సరిగ్గా కనపడడం లేదని."

"మీరేం చేశారు?"

"నీళ్ళలో వేశాను. తేలింది. రిజెక్ట్ అన్నాను."

పుణ్యవతికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. నవ్వే గెలిచింది.

"నాతో చెప్పొచ్చుగా?"

"చెబితే జాలిపడతావు. ఆవిడ ఆకలైనా భరిస్తుంది గానీ జాలిని భరించదు. కళ్ళు కనపడవని తెలిస్తే ఊళ్ళో పాత గుడ్లన్నీ ఆవిడకే అంటగడతారు, ఇక్కడేమో ఎవరూ కొనరు."

వెనక గుమ్మం దగ్గర దగ్గు వినిపించింది. రుక్కమ్మ.

"సారూ, ఇంట్ల ముప్పై లెక్కవెట్టుకొని తెచ్చిన. గంగాళంల ఇరవయ్యారే దొరికినయ్. కండ్లు మసక గాని నా శెవులు మంచిగనే ఉన్నయ్. టప్ మన్నది ఇన్న."

రామబ్రహ్మంగారు తడి బట్టలతో తల దించుకున్నారు.

"ఎనిమిది ఇండ్లు ఇడిచిపెట్టి ముందుగాల నీ అరుగు మీదికే ఎందుకొస్తననుకున్నవ్? నీ నీలం గీత పడ్డంక నాకు బేఫికర్. నువ్వు చెప్తలేవని నేను చెప్తలేను."

ఇద్దరూ రెండేళ్ళుగా ఒకరికొకరు తెలియనట్టు నటిస్తున్నారన్నమాట! పుణ్యవతి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"చాలించండి మీ నాటకం. రుక్కమ్మా, రేపు నాతో కండ్ల దవాఖానకి వస్తున్నావు. రాకపోతే గుడ్లు కొనం."

"అమ్మో! కంట్ల కత్తి పెడ్తరట గద!"

"ఈయన రెండేళ్ళు నా వంటింట్లో పెట్టిన కంపు కంటే నయమే. నడు."

శ్రావణం వచ్చేసరికి రుక్కమ్మ కంటి ఆపరేషన్ చేయించుకుని లావుపాటి కళ్ళద్దాలతో వరసలోకి దిగింది. దండెం మీది లాల్చీని చూసి, "సారూ, జర గుంజి పిండలే. నీళ్ళు కారుతున్నయ్" అంది. రామబ్రహ్మంగారు అలవాటు మానుకోలేక గొట్టం, గ్లాసు ముందు పెట్టుకుని కూర్చునే ఉన్నారు. ఆయన టిక్కు పెట్టిన గుడ్లను ఆవిడ ఒక్కొక్కటే పిడికిట్లో పట్టి, ఎండకు ఎత్తి చూస్తోంది. ఒకదాని దగ్గర ఆగింది.

"సారూ, గిది రిజెక్ట్."

"ఏమిటీ? మూడు పరీక్షలూ నెగ్గిన గుడ్డు!"

"నీ పరీక్షలకో దండం. పగలగొట్టి సూడు."

రత్నమాల గిన్నె తెచ్చింది. వరసంతా మళ్ళీ పోగయింది. రామబ్రహ్మంగారు ధీమాగా గుడ్డు కొట్టారు. కొట్టి, గబుక్కున ముక్కు మూసుకున్నారు.

"గిట్లనా నువ్వు రెండేండ్లు చూసింది!" అని రుక్కమ్మ పడీపడీ నవ్వింది. ఆయన ముఖం చిన్నబోవడం చూసి, ఆయన చేతిలోంచి నీలం పెన్సిలు లాక్కుని, ఆయన అరచేతిలో పెద్ద టిక్కు గీసింది.

"పరేషాన్ గాకు సారూ. గుడ్డు రిజెక్ట్. నువ్వు పాస్."

పుణ్యవతి ఆ గిన్నె తీసుకుని, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, అలవాటుగా గులాబి మొక్క వైపు నడిచింది.