మౌలాలి గుట్టకు నోరు మూసుకుని

మౌలాలి గుట్ట ఎక్కదలచినవారు ఉదయం తొమ్మిదిలోపే తార్నాకలో బస్సెక్కాలి. ఎండ ముదిరితే మెట్లు కాలుతాయి. వెంట మంచినీళ్లు ఉండాలి, మోకాళ్ల మీద కొంత నమ్మకం ఉండాలి. ఇవన్నీ నేను చూసుకున్నాను. దారంతా మాట్లాడకూడదన్న నియమం మాత్రం ఎవరూ పెట్టకుండానే నా నెత్తిన పడింది.

కారణం ఎస్తేరు. కెన్యా నుంచి ఒక సెమిస్టరు చదువుకు ఇక్కడి యూనివర్సిటీకి వచ్చి మా మేడమీది గదిలో ఉంటోంది. అసలు పేరు ఎస్తర్. పక్కింటి క్రైస్తవులు ఎస్తేరని పిలిచి మాకూ అదే అలవాటు చేశారు. పరాయి దేశంలో ఉండి అక్కడి మనుషుల దగ్గర నేర్చుకున్నదానికి వాళ్ల కాలేజీ రెండు క్రెడిట్లు ఇస్తుంది. ఆఖరి పరీక్షగా ఆమె ఊళ్లో చూడని చోటికి ఒంటరిగా వెళ్లి, తెలియనివాళ్లను అడుగుతూ తిరిగి రావాలి. మర్నాడు క్యాంపస్‌లో ఆ కాలేజీ తరఫున క్రెడిట్లు వేసే మేడంకు అంతా చెప్పాలి. తెలిసినవాళ్లు దారి చూపితే క్రెడిట్లు పోయినట్టే. అవి పోతే ఈ ఏడు డిగ్రీ రాదు.

బస్సు ఎక్కడ దిగాలో, చాయ్ ఎక్కడ తాగాలో నేను ఒక కాగితం మీద రాసిచ్చాను. చదవకుండానే తిరిగి ఇచ్చేసింది.

"అంకుల్, గిది చూస్తే నా క్రెడిట్లు పోతయ్."

మా ఇంట్లో కర్నూలు తెలుగు ఎంత విన్నా ఆమెకు పట్టుబడింది హాస్టల్ తెలుగే.

ఆమె గేటు దాటగానే మా ఆవిడ గొడుగు తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఏమండీ, ఆడపిల్లను ఒక్కదాన్నే పంపిస్తారా? ఎనకాలే పోండి. కనపడొద్దు."

"కనపడితే ఆ పిల్ల డిగ్రీ పోతుందే!"

"అందుకే కనపడొద్దంటున్నా."

మంకీ క్యాప్, మాస్కు, నల్ల కళ్లద్దాలు పెట్టుకుని అదే బస్సు వెనక డోరు నుంచి ఎక్కాను. ముందు వైపు కండక్టరమ్మ ఎస్తేరును ఆధార్ అడుగుతోంది.

"లేదక్కా. నాది కెన్యా, టికెట్ కొంట."

"మీ కెన్యాల ఆడోళ్లకు ఫ్రీ బస్సు లేదా?"

"ఉంటే గీడికెందుకొస్తనక్కా?"

బస్సు ముందు సగం నవ్వింది. తర్వాత కండక్టరమ్మ నా దగ్గరికొచ్చింది. "యాడికి తాతా?"

నోరు విప్పితే ఎస్తేరు నా గొంతు గుర్తుపడుతుంది. చేత్తో గుట్ట ఆకారం గీసి, పైకి చూసి దండం పెట్టాను.

"అయ్యో, మాటలు రావు పాపం," అంది కండక్టరమ్మ. అంతే, నా బాధ్యత బస్సంతా తీసుకుంది. ఒకాయన లేచి సీటిచ్చాడు. అది సరిగ్గా ఎస్తేరు వెనక సీటు. "పుట్టుకతోనేనా?" అని వారాసిగూడ నుంచి వస్తున్న ఒక పెద్దామె నన్ను అడిగింది. ఎటు ఊపాలో తెలియక తల రెండు రకాలుగానూ ఊపాను. "చెవులు గూడ లేనట్టున్నయ్," అని తేల్చేసింది.

లాలాపేట దాటి మౌలాలిలో దిగగానే ఆ పెద్దామె నా చేయి పట్టుకెళ్లి ఎస్తేరు చేతిలో పెట్టింది. "బిడ్డా, నువ్వు గుట్టకే గదా? ఈ తాతను గూడ తోల్కపో. నేను ఎన్క మెల్లగ వస్త." ఒంటరి మనిషి కనబడితే ఎవరికో ఒకరికి అప్పజెప్పందే మనవాళ్లకు తోచదు.

ఎస్తేరు నా గొడుగు వంక చూసింది. దాని పిడికి మా ఆవిడ కట్టిన ఎర్ర రిబ్బన్ ఉంది. రోజూ మా వాకిట్లో చూసే గొడుగే. గుర్తుపట్టిందని నాకు తెలిసిపోయింది. ఆ మాట పైకి అంటే ఆమె క్రెడిట్లు పోతాయి, నేను నోరు విప్పినా పోతాయి.

"నడువు తాతా," అంది.

మొదటి మెట్టు మీదే మొదలుపెట్టింది. "మా ఓనర్ అంకుల్ ఒకాయన ఉన్నడు తాతా. మంచోడే. గని నేను నీళ్లు తాగినా డైరీల రాస్తడు. బజారుకు పోతనంటే నక్ష గీస్తడు. ఆంటీ మంచిగ వండి పెడితే, పక్కన కూసొని ఎట్ల తినాల్నో చెప్తడు."

పప్పులో నెయ్యి ఎప్పుడు వేసుకోవాలో మాత్రమే చెప్పాను. అదీ చెప్పుకోలేకపోయాను.

కొంత ఎక్కాక ఆమె పక్క సందులోకి తిరిగింది. అది దారి కాదు. మాట నా నాలుక చివరిదాకా వచ్చింది, మింగాను. ఆ సందు ఎవరిదో వాకిట్లో తేలింది. ఆ ఇంటివాళ్లు మమ్మల్ని కూర్చోబెట్టి చాయ్, ఉస్మానియా బిస్కెట్లు ఇచ్చారు. బిస్కెట్ విరిగి పడకుండా చాయ్‌లో ఎంతసేపు ముంచాలో ఆ ఇంటి నానమ్మ ఎస్తేరుకు నేర్పింది. నేను రాసిచ్చిన కాగితంలో ఆ ఇల్లు లేదు.

పైన చెప్పులు విడిచి దర్గాలో దండం పెట్టుకున్నాం. చాలాసేపు గాలికి కూర్చున్నాం. దిగేటప్పుడు నా కాలు జారింది.

"అమ్మో! ఎస్తేరూ!"

అప్పుడే ఎక్కుతున్న వారాసిగూడ పెద్దామె చూడనే చూసింది. "తాతకు మాటొచ్చింది! అగో, మాటొచ్చింది!"

జనం మూగారు. ఎవరో నా నోట్లో చక్కెర పోశారు. ఇంకేం మాట్లాడొద్దని ఎస్తేరు కళ్లతోనే నన్ను బతిమాలింది. అప్పటికీ ఊరుకునేవాణ్ణే. కానీ ఒకామె నా చేయి పట్టుకుంది. "మా మనవడికి గూడ మాటలు రావయ్యా. రేపే తీస్కొస్త."

ఇక ఊరుకోవడం నా వల్ల కాలేదు. మాస్కు తీసేశాను. "అమ్మా, నాకు ఎప్పుడూ మాటలొచ్చు. ఈ అమ్మాయి మా ఇంట్లోనే ఉంటుంది."

"మరి బస్సుల ఏం రోగమొచ్చింది?" అంది పెద్దామె.

తిరుగు బస్సులో ఎస్తేరు కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. నాకు మాటలొచ్చినా పనికొచ్చేది ఒక్కటీ రాలేదు.

మర్నాడు నేనూ క్యాంపస్‌కు వెళ్లి, మేడం ముందు జరిగిందంతా చెప్పి, తప్పు నాదేనన్నాను. ఆమె ఎస్తేరును అడిగింది. "ఈయన దారి చూపించారా?"

"లేదు మేడం. నేను తప్పు దారిల పోయినా చెప్పలే. ఒక్క మాట మాట్లాడలే."

మేడం నా వైపు తిరిగింది. "ఈ అమ్మాయి రోజూ మీ గురించే చెప్తుంది. నిజంగా గుట్టంతా మాట్లాడకుండా ఎక్కారా?"

"ఎక్కానమ్మా."

"అయితే ఆయన మీకు తోడు రాలేదు ఎస్తర్. ఆయన్ని మీరే తీసుకెళ్లారు," అని రెండు క్రెడిట్లూ వేసింది.

క్యాంపస్ నుంచి నడిచే బయల్దేరాం. చెట్ల కింద రోడ్డు చీలే చోట ఎస్తేరు కుడివైపు తిరిగింది. తార్నాకకు అది చుట్టుదారి.

"ఏంది తాతా, ఇటేనా?"

నేను గొడుగు విప్పి ఆమె వెనకాల నడిచాను. కొత్తగా వచ్చేవారికి నేను చెప్పేది ఒక్కటే. ఆ దారి చుట్టే, కానీ మధ్యలో మంచి చాయ్ దొరుకుతుంది.