త్రాసు చిప్పకు బొట్టు

జర్మనీలోని ఇల్మెనౌలో నాలాంటి ఇంజనీరు టీపొడి కొనాలన్నా ఎక్సెల్ షీటు వేస్తాడు. ఇక రైఫిల్ తూటాలు ఇంట్లో నింపుకునే సామాను కొనాలంటే చెప్పేదేముంది! పక్క ఊరి షూటింగ్ క్లబ్బులో నాలుగేళ్లుగా సభ్యుణ్ణి. ఆ నాలుగేళ్లూ నేను గురి తప్పకుండా తిప్పింది గ్రిల్ మీది సాసేజీలనే. చివరికి పోటీ జట్టులో ఒక ఖాళీ వచ్చింది. "కొన్న తూటాలతో కుదరదు. నీవి నువ్వే చేసుకో. అక్టోబరులో పది గుండ్లూ ఒక్కచోట పడితే చోటు నీది," అన్నాడు జట్టు పెద్దాయన. ఆ చోటు మీద ప్రాణం పెట్టుకున్నాను.

తుపాకిమందు ఇంట్లో ఉంచుకోవడానికి కోర్సు, పరీక్ష, ఆఫీసులో టెర్మిన్, అంటే అపాయింట్‌మెంటు, అన్నీ అయ్యాయి. ఇక సామాను. పిడి ఒక్కసారి లాగితే నాలుగు పనులు చేసే ప్రెస్సు నా షీటులో మొదటి స్థానంలో ఉంది. పెద్దాయన షీటు చూసి, "నీకు కావాల్సింది వెయ్యి తూటాలా, మంచివి పదా?" అన్నాడు. నోరు మూసుకుని, ఒకసారికి ఒకే పని చేసే మొద్దు ఇనుప ప్రెస్సు కొన్నాను. మందు తూచే త్రాసు దగ్గర మాత్రం మొండికేసి డిజిటల్‌దే తెచ్చాను. పక్కన ఫోను మోగినా, హీటరు వేసినా అది అంకె మార్చేది. మా మేనేజరు కూడా అంత త్వరగా మాట మార్చడు. నా అవస్థ చూడలేక పెద్దాయన తన పాత త్రాసు అరువిచ్చాడు. కంసాలి త్రాసు లాంటిదే, కాకపోతే ఒకటే చిప్ప, ఒక ముల్లు, అంతే. రాత్రి ముల్లును సున్నా మీద నిలిపి పడుకున్నాను.

తెల్లారితే దసరా. నేను లేచేసరికి మా ఆవిడ కారుకీ, లాప్‌టాప్‌కీ, ప్రెస్సుకీ పసుపు కుంకుమ పెట్టేసింది.

"దీనిక్కూడనా?" అన్నాను.

"ఆయుధం ఇంట్ల వెట్టుకొని బొట్టు వెట్టకపోతె ఎట్ల? అమ్మవారికి టెర్మిన్ అక్కర్లేదు."

నవ్వుకుని కూర్చుని పది తూటాలు నింపాను. ఆదివారం వాటిని అదే వరుసలో కాల్చాను. మొదటి గుండు గురి అట్ట మీద కిందివైపు పడింది, రెండోది దాని పైన, మూడోది ఇంకా పైన. పదీ చీమలబారులా పైకి పాకాయి. ఒళ్లు మండిపోయింది. "మీ త్రాసు పాడైపోయింది!" అన్నాను అందరి ముందూ.

పెద్దాయన, తిరిగివ్వడానికి నేను వెంట తెచ్చిన త్రాసు పెట్టె తెరిచి చిప్ప తిరగేశాడు. అడుగున బఠాణీ అంత పసుపు ముద్ద, మధ్యలో కుంకుమ, ఎండి పెచ్చులూడుతూ. అది తడిగా ఉన్నంతసేపు దాని బరువు మేరకు మందు తక్కువ పడింది, ఆరి తేలికయ్యేకొద్దీ మందు పెరిగి గుండు పైకి లేచింది. మా ఆవిడ పెట్టిన దసరా బొట్టు విషయం చెప్పాను. ఆయన నవ్వలేదు.

"ఇది తుడిస్తే పోతుంది. కానీ చిప్ప తిరగేసి చూడకుండానే త్రాసును తిట్టావు. అలాంటివాడు నా జట్టులో వద్దు."

చోటు ఇంకొకరికి వెళ్లింది. నలభై ఏళ్లవాణ్ణి, కారులో కూర్చుని ఏడ్చాను.

ఇంటికొస్తే మా ఆవిడ ఉల్లిగడ్డలు కోస్తోంది. "తీస్కున్నరా?" అంది.

"లే."

"ఏమైంది?"

నీ బొట్టు వల్లనే అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"తప్పు నాదే. సూస్కోకుండ ఎదుటోళ్ల మీదికి తోసిన."

ఆమె తలెత్తలేదు.

"గీ ముచ్చట జెప్పెతందుకు జర్మనోడు గావాల్నా? పెండ్లయినకాడి నుంచి నేను జెప్తలేనా?"