గిరిజ తప్పుగా వెతికిన లాగ్

జర్మనీలోని కార్ల్స్‌రూహెలో చిన్న చిన్న ఆఫీసుల మెయిల్ సర్వర్లు చూసుకునే కంపెనీలో గిరిజ చేరి అయిదు నెలలు. పాప కోసం ఏడేళ్లు ఇంట్లో ఉండి, ముప్ఫై తొమ్మిదో ఏట మళ్లీ ఉద్యోగం పట్టిన మనిషి. ప్రొబెత్సైట్, అంటే కొత్త ఉద్యోగానికి పరీక్షాకాలం, ఇంకో నెల ఉంది. అది దాటేదాకా ఎప్పుడైనా ఇంటికి పంపేయొచ్చు. అందుకని, పాపం, తెలియనిది ఎవరినీ అడిగేది కాదు. అడిగితే తెలియదని తెలిసిపోతుందట. అదేం తెలివో మరి.

ఆ సోమవారం మధ్యాహ్నం ఒక స్టూడెంట్ హాస్టల్ ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. వైశాలి అనే అమ్మాయి, గది తీసుకుంటానని శుక్రవారమే మెయిల్ పెట్టానంటోంది, తమకేమో కనబడలేదు, వచ్చిందో లేదో తేల్చమన్నారు. రాకపోతే సాయంత్రం అయిదింటికి గది ఇంకొకరికిచ్చేస్తారు. గిరిజ లాగ్, అంటే సర్వర్ రాసుకునే మెయిళ్ల చిట్టా, తెరిచి, ఈఎస్‌ఎంటీపీఎస్‌ఏ అన్న పేరున్న వరుసలన్నీ వెతికింది. తను పంపే మెయిళ్లు రోజూ ఆ పేరుతోనే కనిపిస్తాయి కదా, అందరివీ అంతేననుకుంది. వైశాలిది లేదు. రాలేదని చెప్పేసి టీ పెట్టుకుంది.

టీ సగంలో ఉండగా మనసు పీకడం మొదలెట్టింది. పక్క సీటు పెద్దాయన ఊవెను, సిగ్గు చంపుకుని మొదటిసారి అడిగింది. ఆయన నవ్వలేదు. ఆ పేరు మన సర్వర్‌కు పాస్‌వర్డ్ ఇచ్చి పంపేవాళ్లది, బయటి సర్వర్ నుంచి వచ్చేవాటికి పాస్‌వర్డ్ ఉండదు, అవి మామూలుగా ఈఎస్‌ఎంటీపీఎస్ అని పడతాయి అన్నాడు. ఇంటివాళ్లు తాళంచెవితో వస్తారు, చుట్టాలు బెల్లు కొట్టి వస్తారు. గిరిజ తాళంచెవులు లెక్కపెట్టి చుట్టాలెవరూ రాలేదంది.

మళ్లీ వెతికితే, శుక్రవారం మూడూ పదికి వచ్చిన వైశాలి మెయిల్ స్పామ్‌లో పడి ఉంది. టైము నాలుగూ నలభై. సర్వర్‌లో ఏదో తేడా వచ్చిందని తోసేస్తే అడిగే నాథుడు లేడు. ఆ ఆలోచన వచ్చింది కూడా. అయినా ఫోన్ తీసి, మెయిల్ వచ్చింది, నేనే తప్పుగా వెతికాను అని చెప్పింది. మేనేజరుకూ అదే రాసి పంపింది. వైశాలి గది వైశాలికే దక్కింది.

గురువారం ఆ పిల్ల స్వీటు డబ్బా పట్టుకుని గిరిజ దగ్గరికి వచ్చింది. చేతులు పట్టుకుని ఒకటే థాంక్సులు. గిరిజకు ముళ్ల మీద నిలబడ్డట్టుంది.

"అమ్మా, ముందు రాలేదని చెప్పింది కూడ నేనే."

"తెలుసక్కా. హాస్టల్ ఆఫీసులో చెప్పిన్రు. తప్పు నాదని ఫోన్ చేసిన మనిషి ఎవరో చూద్దామనే వచ్చిన."

గిరిజ కళ్లు నిండిపోయాయి. ఈ పిల్ల మీద, ఊవె మీద, తప్పు ఒప్పుకున్నా తనను తరిమెయ్యని తన కంపెనీ మీద కృతజ్ఞత పొంగుకొచ్చింది. వెంటనే ఊవెను పిలిచి, వైశాలి ముందు నిలబెట్టింది.

"నాకు మెయిల్ ఎట్ల వెతకాల్నో తెల్వకుండె. ఈ ఊవె సారే నాకు నేర్పిన్రు."