మా గల్లీకి అరువు తెచ్చిన చెత్త

ఆ రోజులల్ల మా గల్లీల చెత్త ఉండకపోయేది. ఆ రోజులల్ల అంటే నేనేదో ముసలిదాన్ని అనుకునేరు, నాకింకా ముప్పై సుత నిండలే. కని ఇప్పుడు పొద్దుగాల చెత్త బండి పాట పెట్టుకుంట రాంగనే రెండు డబ్బలు పట్టుకొని ఉరుకుతుంటె, ఒకప్పుడు ఇదే గల్లీల చెత్త దొరకక నేను ఇల్లిల్లు తిరిగిన ముచ్చట యాదికొస్తది. చెప్తె ఎవలు నమ్మరు. మా ఆయన సుత నమ్మలే. "చెత్త దొరకకపోవుడేందే" అన్నడు. (ఆయనది కాజీపేట, రైల్వే క్వార్టర్లల్ల పెరిగిండు, పెండ్లైనంక మా ఇంటికే వచ్చిండు. వాళ్లకు చెత్తకు ఎన్నడు కరువు లేదు.)

మాది వరంగల్ల మగ్గాలోళ్ల గల్లీ. బాపు జంపఖానాలు నేస్తుండె, అమ్మ, నాయినమ్మ రాట్నం మీద కండెలు చుడుతుండె. నేను ఇంటర్ల ఇంగ్లీషు పోయి ఇంట్ల కూసున్న. అప్పుడే మా వార్డుల చెత్త పని చూసే మున్సిపాలిటీ జవాన్ సార్ వచ్చి, గల్లీకొక ఆడపిల్ల వాలంటీరు కావాలె, తడి చెత్త పొడి చెత్త గురించి ఇంటింటికి పోయి చెప్పాలె అన్నడు. జీతం లేదు కని మెడల ఏసుకునే కార్డు ఉన్నదన్నడు. కార్డు మీద నా ఫోటో ఉంటదంటె ఇంక నేను ఆగలే. ఆ కార్డు ఏసుకొనే తిన్న, ఏసుకొనే పన్న. పాల పాకిట్ తేను పోయినా కార్డుతోనే పోతుంటి. సార్ ఇంకో మాట సుత అన్నడు. "మీ గల్లీకి మంచి గల్లీ అని బోర్డు వచ్చిందనుకో, వార్డు ఆఫీసుల నీకు జీతం పని ఇప్పిచ్చే జిమ్మేదారి నాది." ఇది విన్న మా అమ్మ ఏం సంబురపడలే. "బోర్డు రాకపోతె ఆ కార్డు మూలకేసి రాట్నం ముందల కూసో. మళ్ల నాకు కథలు చెప్పొద్దు" అన్నది. గంతే, నా బతుకు మొత్తం ఒక రేకు బోర్డుకు వచ్చి ఆగింది.

మున్సిపాలిటోళ్లు ఇంటికి రెండు డబ్బలిచ్చిండ్రు, తడి చెత్తకు ఆకుపచ్చది, పొడి చెత్తకు నీలిది. మూతలున్నయి, పట్టుకోను కడ్డీలున్నయి, మస్తు గట్టిగున్నయి. అండ్లనే వచ్చింది తిప్పలు. వారం పోయినంక ఎట్ల వాడుతాండ్రో చూద్దామని పోతె, మా నాయినమ్మ ఆకుపచ్చ దాంట్ల బియ్యం పోసి, నీలి దాంట్ల నూలు కండెలు పెట్టింది.

"నాయినమ్మా, అది తడి చెత్త డబ్బ."

"ఇంత మంచి డబ్బల ఎవలన్న చెత్త ఏస్తరానే? మూత చూడు ఎంత గట్టిగున్నదో. పురుగు సుత పోదు."

"సర్కారు చెత్తకే ఇచ్చింది."

"సర్కారుకేం ఎర్క. ఇచ్చినోళ్లకు దండం, వాడుకునేది మన ఇష్టం."

పక్కింటి అత్త దాంట్ల మనుమనికి నీళ్లు పోస్తాంది. మూల మీది కిరాణం సేటు మామ ఒక దాంట్ల ఉల్లిగడ్డ, ఒక దాంట్ల ఆలుగడ్డ పోసి, "నువ్వు చెప్పినట్టే వేరే వేరే పెట్టిన బిడ్డా" అన్నడు. నేను కార్డు సరిజేసుకొని అందరికి మళ్ల చెప్పిన. అందరు మళ్ల విన్నరు. చాయ్ సుత తాపిచ్చిండ్రు.

గిట్ల నడుస్తాంటె ఒకనాడు పొద్దుగాల జవాన్ సార్ ఫోన్ చేసిండు. పగటీలికి బయట ఊరి నుంచి చెకింగ్ మేడం వస్తాంది, మీ గల్లీ సుత చూసి మార్కులేస్తది, ఆ మార్కుల మీదనే బోర్డు, ఇంటింటి ముందల రెండు డబ్బలుండాలె అన్నడు. నేను ఉరుకుడే ఉరుకుడు. అందరి కాళ్లు మొక్కినంత పని చేసి బియ్యం, కండెలు, ఉల్లిగడ్డలు అన్ని బయటికి తీపిచ్చిన. మా నాయినమ్మ బియ్యాన్ని చీరెల మూటగట్టుకుంట, "నీ నౌకరి కోసానికి నా బియ్యానికి పురుగు పట్టిస్తవే" అన్నది. డబ్బలన్ని కడిగి గడపల ముందల వరుసగ పెట్టినం. చూస్తె కండ్లు చల్లబడ్డయి. ఫోటో తీసి సార్‌కు పంపిన.

సార్ మళ్ల ఫోన్ చేసిండు. "అండ్ల చెత్త ఏదమ్మా?"

"లేదు సార్. నీట్‌గున్నయి."

"నీట్‌గుంటె మార్కులు రావు. చెత్త ఉండాలె, అది వేరే వేరే ఉండాలె. డబ్బలు కాళీగుంటె వాడుత లేరని రాస్తరు. జర చూడు."

చూసిన. ఇల్లిల్లు తిరిగి, "అత్తా, జర చెత్త ఉంటె ఇయ్యి" అని అడిగిన. కూరగాయల తొక్కలు లేవు, అవి అప్పటికే మా పెరట్ల బర్రెకు పెట్టిండ్రట. రాత్రి అన్నం మిగిలిందా అంటె, పొద్దుగాల పోపు పెట్టుకొని తిన్నరట. నూలు పీసులు మెత్తలల్ల కుక్కిండ్రు. పాల కవర్లు కడిగి ఎండేసి పాత సామాన్లోనికి అమ్ముతరు, అవి అడిగితె పక్కింటి అత్త దాసిపెట్టుకుంది. కొబ్బరి చిప్పలు నీళ్ల పొయ్యిల పోయినయి. ఒక పెద్దమ్మ నా మొఖం చూసి పాపమని వంటింట్లకు పోయి, నిమ్మకాయ తొక్క ఒకటి తెచ్చి, "ఇది గిన్నెలు తోముకుందామని పెట్టిన, నీకు అక్కెరుంటె తీసుకపో, మళ్ల తెచ్చియ్యి" అన్నది. ఒక్క నిమ్మ తొక్కతోని గల్లీ మొత్తానికి తడి చెత్త ఎట్ల చూపెట్టాలె?

అప్పుడు నాకు ఒక తెలివి వచ్చింది. (నా తెలివి గురించి మా అమ్మను అడుగకుండ్రి.) రెండు గల్లీల అవుతల ఫంక్షన్ హాల్ ఉన్నది, రాత్రి పెండ్లైంది. సేటు మామను బతిమిలాడితె సామాన్లు తెచ్చే ట్రాలీ ఆటో తీసిండు. పోయి చూస్తె హాల్ ముందల, గల్లీ పొంటి, మురికినీళ్ల మోరీ దాక పేపర్ ప్లేట్లు, గ్లాసులు, బగారన్నం, బొక్కలు. నాకైతే బంగారం చూసినట్టైంది. వాచ్‌మన్ తాత కుర్చీల నుంచి లేవకనే అడిగిండు.

"ఏం కావాలె బిడ్డా?"

"చెత్త కావాలె తాతా."

ఆయన నన్ను చూసిండు, నా కార్డు చూసిండు, ఆటోల కూసున్న సేటు మామను చూసిండు. "ఎంత కావాలె?"

"ఎంతుంటె అంత."

"మొత్తం తీసుకపో. మళ్ల ఎప్పుడన్న కావాలంటె మొహమాట పడకు" అన్నడు. చీపురు సుత ఆయనే ఇచ్చిండు.

మోరీ దాక ఊడ్చి, సంచులల్ల నింపి తెచ్చినం. మా గల్లీల కూసొని అన్నం ఒక దిక్కు, ప్లేట్లు ఒక దిక్కు ఏరి, ఇంటింటికి సమానంగ పంచిన. ఎవలకు ఎక్కువ తక్కువ చేయలే. సేటు మామ డబ్బల కోడి బొక్కలు పడ్డయి, వాళ్లు నీసు ముట్టరు. ఆయన అటు ఇటు చూసి, గప్‌చుప్‌గ పక్కింటి అత్త డబ్బతోని మార్చుకున్నడు.

పగటీలికి మేడం వచ్చింది, చేతిల ట్యాబ్, ఎన్క జవాన్ సార్. గల్లీ మొదట్ల నుంచి డబ్బలు చూసుకుంట, మంచిగుంది మంచిగుంది అనుకుంట వస్తాంది. సార్ నా దిక్కు చూసి తల ఊపిండు. నేను అప్పటికే మనసుల వార్డు ఆఫీసుల నా కుర్చీ ఏ కిటికి పక్కన ఏసుకోవాల్నో చూసుకుంటాన్న. మేడం మా ఇంటి ముందల ఆగి మూత తీసింది. పైననే సగం కొరికిన లడ్డు, దాని కింద ముద్ద సుత ముట్టని బగారన్నం. నాయినమ్మ గడపల కూసొని ఉన్నది.

"అమ్మా, రోజు ఇట్లనే వేరే చేస్తరా?"

నేను ఎన్క నుంచి నాయినమ్మకు కండ్లతోని సైగ చేసిన. నాయినమ్మ నన్ను చూడలే, ఆ లడ్డునే చూస్తాంది.

"అమ్మా, నువ్వు ఏమన్న రాసుకో. కని మా ఇంట్ల అన్నం ఇట్ల ఇడిచిపెట్టి లేస్తరని మాత్రం రాయకు" అన్నది.

"అట్ల కాదమ్మా, నేను అడిగేది..."

"ఇది మా చెత్త కాదు. ఫంక్షన్ హాల్ల అరువు తెచ్చింది మా పొల్ల. మగ్గం మీద బతికేటోళ్లం, మా ఇంట్ల లడ్డు సగం కొరికి పారేస్తరా? నా కొడుకు వింటె తల యాడ పెట్టుకోవాలె?"

జవాన్ సార్ ఆకాశం దిక్కు చూసుకుంట నిలవడ్డడు. మేడం మంచిది, కోపం చేయలే. "మరి మీ చెత్త ఏదమ్మా?" అని అడిగింది.

"మాకు లేదు."

"లేకపోవుడేంది?"

"లేదంటె లేదు. ఉంటె ఇయ్యనా? నీకంటె ఎక్కువనా?"

మేడం ఇంట్లకు పోయి చూసింది, పెరట్ల చూసింది, బర్రెను చూసింది. బయటికొచ్చి ట్యాబ్ మీద చానసేపు ఏలు ఆడిచ్చింది. చెత్త వేరే చేసి ఇస్తాండ్రు అని ఉన్నదట, కలిపి ఇస్తాండ్రు అని ఉన్నదట, ఇస్త లేరు అని ఉన్నదట. అసలు చెత్తనే లేదు అని ఎక్కడ లేదట. "ఏం చేయనమ్మా, ఉన్నదాంట్లనే పెట్టాలె" అని, ఇస్త లేరు అన్న దాని మీద ఏలు పెట్టింది. మా గల్లీకి సున్న వచ్చింది.

మంచి గల్లీ బోర్డు ఫంక్షన్ హాల్ గల్లీకి పోయింది. మేడం మా నుంచి సీదా అటే పోయిందట. పెండ్లైన తెల్లారి సుత రోడ్డు మీద ఒక్క ప్లేటు లేదు, మోరీ అద్దం లెక్క ఉన్నది, ఇసొంటి గల్లీ యాడ చూడలేదన్నదట. వాచ్‌మన్ తాతకు వార్డు ఆఫీసుల శాలువ కప్పిండ్రు. నేను సుత పోయి చప్పట్లు కొట్టిన. తాత స్టేజీ దిగి వచ్చుకుంట నన్ను గుర్తువట్టి, "ఐతారం ఇంకో పెండ్లి ఉన్నది బిడ్డా, వస్తవా?" అన్నడు.

కార్డు మూలకు పోయింది, నేను రాట్నం ముందల కూసున్న. నాయినమ్మ ఆకుపచ్చ డబ్బను కుంకుడుకాయతోని కడిగి, రెండు దినాలు ఎండకు పెట్టి, మళ్ల బియ్యం పోసింది. నాతోని కొన్ని రోజులు మాట్లాడలే. బోర్డు పోయిందని కాదు, లడ్డు గురించి.

ఇప్పుడు నాయినమ్మ లేదు, బర్రె లేదు, మగ్గం సప్పుడు సుత ఒక్కటో రెండో ఇండ్లల్లనే. ఇంగ్లీషు ఎట్లనో గట్టెక్కినంక నాకు మళ్ల కార్డు వచ్చింది, ఈసారి జీతంతోని. మా గల్లీ చెత్తకు ఇప్పుడు ఎవలను అడిగే పని లేదు. ఆన్‌లైన్ల బిర్యానీ తెప్పిచ్చుకుంటె ఒక్క పూటకే నీలి డబ్బ నిండుతది, మార్కులు సుత మంచిగనే వస్తానయి. నేను తిని పారేసిన ప్లేటు మీద ఒక్కోసారి అన్నం మిగులుతది. డబ్బల ఏసేటప్పుడు గడప దిక్కు ఒకసారి చూస్త, ఎందుకో.

మొన్న కొత్త డబ్బలు పంచుకుంట పక్క గల్లీల ఒక అవ్వ ఇంటికి పోయిన. అవ్వ మూత తీసి, పెట్టి, మళ్ల తీసి, "ఇంత మంచిగున్నది, దీంట్ల చెత్త ఏయాల్నా బిడ్డా?" అన్నది. నాకు చెప్పాల్సిన మాటలన్ని నోటికి వచ్చు, వార్డు ఆఫీసుల నేర్పిండ్రు.

"బియ్యం పోసుకో అవ్వా" అన్న. "చెకింగోళ్లు వచ్చిన్నాడు మాత్రం జర కాళీ చెయ్యి. చెత్త లేకపోతె లేదని చెప్పు, ఎక్కడికెళ్లి తేకు."